కుంకుమ కారిన రైన్‌కోటు

పోయిన వారం తిరుపతిలో ఒక అంగడికి వెళ్లి రైన్‌కోటు చూపించమన్నాను. కౌంటరు వెనకున్నాయనకు యాభై ఏళ్లుంటాయి. నా తెల్లజుట్టు వైపు ఒకసారి చూసి, “మనవడికా మా? ఎన్నో క్లాసు?” అన్నాడు. నాకేనన్నాను. “స్కూటరుకా?” అన్నాడు. సైకిలుకన్నాను. ఆయన నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి కాసేపు అరల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత గులాబీ రంగుది ఒకటి తీసి పరిచాడు. ఆడవాళ్ల కోటట. దాని మీద తెల్ల పువ్వులున్నాయి, జేబులు లేవు, వెనక భాగం మడమల దాకా వేలాడుతోంది. పక్కనే అదే ప్లాస్టిక్‌తో చేసిన మగవాళ్ల కోటు ఉంది. దానికి పువ్వులు లేవు, జేబులున్నాయి, ధర తక్కువ. నేను గులాబీ కోటును తిరగేసి భుజం దగ్గర కుట్టు మీద బొటనవేలితో రుద్దాను. లోపల పట్టీ వేయలేదు. “ఇది కారుతుందప్పా” అన్నాను. “వాటర్‌ప్రూఫ్ మా ఇది. సూడు, ఈడ రాసిండాది” అని చీటీ చూపించాడు. “కోటు వాటర్‌ప్రూఫే. సూది బెజ్జాలు కావు గదా” అన్నాను. ఆయన మొహంలో మొదటిసారి కొంచెం మర్యాద కనిపించింది.

అరవై దాటాక నేను సైకిలు తొక్కడం మా అబ్బాయికి ఇష్టం లేదు. రోజూ పొద్దున లైబ్రరీకి, అక్కణ్నుంచి కూరగాయలకు సైకిలు మీదే వెళ్తాను. ఎండాకాలమంతా ఏమీ అనడు. నాలుగు చినుకులు పడగానే మాత్రం, “వానలో నీకు అవసరమా మా? ఆటో పిలుస్తా ఉండు” అంటాడు. ప్రేమతోనే అంటాడు, నాకు తెలుసు. అయినా ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. ఎండలో పోవచ్చు, వానలో పోకూడదు అనే షరతు నాకు కొత్త కాదు. పద్దెనిమిదో ఏట ఇదే మాట మా నాయన నోట విన్నాను.

అప్పుడు మేం రేణిగుంటకు అవతల, రైలు కట్ట పక్కన ఒక పల్లెలో ఉండేవాళ్లం. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. నాయన రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు. అమ్మ ఇంట్లో కుంకుమ పొట్లాలు కట్టేది. కొండకొచ్చే భక్తులు కొనుక్కుపోయే చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్ల కుంకుమ ఉంటుంది కదా, అది. తిరుపతి అంగళ్ల వాళ్లు కుంకుమ బస్తా, ఖాళీ కవర్లు దింపిపోతే, చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు నింపి, అంటించి ఇచ్చేవాళ్లు. అమ్మ వసారాలో మందపాటి ప్లాస్టిక్ పట్ట పరిచి, దాని మీద కుంకుమ కుప్ప పోసుకుని, చెంచాతో కవర్లు నింపేది. నింపిన కవరు మూతిని యాక్సా బ్లేడు మీదికి మడిచి, ఆ అంచును కొవ్వొత్తి మంటకు ఇలా తగిలించి అలా లాగేది. ప్లాస్టిక్ కరిగి అంటుకుపోయేది. ఒక్క క్షణం ఎక్కువైతే కవరు కాలిపోతుంది, తక్కువైతే కుంకుమ కారుతుంది. అమ్మ చెయ్యి ఎప్పుడూ తప్పేది కాదు. అదే పని నేను చేస్తే పదింటికి మూడు కాలేవి.

మా ఇంట్లో ఎరుపు అంటని వస్తువు లేదు. దిండు గలీబులు, ఉప్పు డబ్బా మూత, నా పుస్తకాల అంచులు, నాయన చెవుల వెనక సందులు, అన్నీ ఎరుపే. తెల్లచొక్కాతో వచ్చిన చుట్టాలు వసారాలో కూర్చోవడానికి జంకేవాళ్లు. కరిగిన ప్లాస్టిక్ వాసన, కొవ్వొత్తి పొగ, కుంకుమలోని పసుపు వాసన కలిసిన గాలిలోనే నేను పెరిగాను. ఇప్పటికీ ఎక్కడైనా కొవ్వొత్తి ఆర్పితే నాకు అమ్మ గుర్తుకొస్తుంది. ఆమె అరచేతి గీతలు ఎంత తోమినా ఎర్రగానే ఉండేవి. నాయన పొద్దున్నే సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి తిని, చెంబుడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, గోనెసంచి చంకలో పెట్టుకుని బయల్దేరేవాడు. ఎండాకాలం ఆ సంచి మూట కింద భుజానికి, వానాకాలం నెత్తికి. సంచి అడుగున ఒక మూలను రెండో మూలలోకి దోపితే టోపీ అవుతుంది, మిగిలింది వీపంతా కప్పుతుంది. షెడ్డులో మగవాళ్లందరికీ అదే రైన్‌కోటు. తడిసి ఇంటికొచ్చి, సంచి పిండి, దండెం మీద వేసి, పొయ్యి ముందు కూర్చుని ఆవిర్లు కక్కుతూ బీడీ కాల్చుకునేవాడు. ఆయన తడవడం గురించి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఒక్క మాట అనలేదు.

చదువు ఇంటర్‌తో ఆగాక నాకు తిరుపతిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని దొరికింది. సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, వరసలో తిరగేసి పేర్చడం. ఆ పని మొదటి రోజే నాకు పిచ్చిగా నచ్చింది. ఎవరి పెళ్లయినా, ఎవరి చావైనా, ముందు నా వేళ్ల కింది నుంచి పోవాలి. మా ఊరికి బస్సు పదకొండుకు వచ్చేది, ప్రెస్సు తొమ్మిదికి తెరిచేవాళ్లు. అందుకని నాయనే పుత్తూరులో ఎవరి దగ్గరో పాత లేడీస్ సైకిలు బేరం చేసి, రైల్లో వేసుకొచ్చాడు. కట్ట పక్క దారిలో సీటు పట్టుకుని పరుగెత్తి నాకు తొక్కడం నేర్పించిందీ ఆయనే. ఒంటరిగా ఊరు చుట్టి వచ్చిన సాయంత్రం, అమ్మ ముందరే షరతు పెట్టాడు.

“పాపా, ఎండలో పో, చలిలో పో, నాకేం లేదు. వానలు పట్టుకుంటే మాత్రం మానుకోవాల. తడిసిన గుడ్డల్తో ఒక్క దినం ఇంటికొచ్చినా సైకిలు అమ్మేస్తా.”

“నువ్వు దినామూ తడస్తానే వస్తావు గదా నాయనా?”

“నేను మొగోణ్ణి. గమ్మున ఉండు.”

నాకు జలుబు చేస్తుందని ఆయన భయం కాదు. తడిసిన ఓణీ ఒంటికి అతుక్కుంటే దారిలో నలుగురూ చూస్తారని. ఆ మాట ఆయన నోటితో అనలేదు, అమ్మా అనలేదు. నాకు మాత్రం బాగానే అర్థమైంది. చూసేవాళ్ల కళ్లు బాగాలేకపోతే నా సైకిలు అమ్మడమేమిటని నాకు అప్పుడే కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

చిక్కేమిటంటే మా వైపు గట్టి వానలు పడేది ఆశ్వయుజం, కార్తీకాల్లో. కార్తీకంలోనే పెళ్లిళ్లు. ప్రెస్సుకు అసలు పంట ఆ పెళ్లికార్డులే. ప్రెస్సు యజమానిని మేం సార్ అనేవాళ్లం. మంచివాడే, కానీ మొహమాటం లేని మనిషి. “కార్తీకంలో ఒక్క పూట రాకపోయినా ఇంకొకర్ని పెట్టుకుంటానమ్మా, తర్వాత నన్ను అనుకోవద్దు” అని ముందే చెప్పేశాడు. అంటే వానలో వెళ్లకపోతే పని పోతుంది, తడిసి ఇంటికొస్తే సైకిలు పోతుంది, సైకిలు పోతే పనీ పోతుంది. ఇక మిగిలింది వానలో తడవకుండా వెళ్లి రావడమే.

ఒక ఆదివారం అమ్మా నేనూ తిరుపతి బజారంతా తిరిగాం. గొడుగు పనికిరాదు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో హ్యాండిలు పట్టుకుని పోయే మగవాళ్లను చూశాను గానీ, మా దారిలో గాలికి గొడుగుతో పాటు మనిషీ కాలవలో పడాల్సిందే. నాయన సంచి తడిస్తే మోయలేనంత బరువు. పొలాల్లో కప్పుకునే ఎరువుల సంచిలో చేతులు కదలవు. రబ్బరు పూసిన గుడ్డతో కుట్టిన కోట్లు ఒక అంగట్లో ఉన్నాయి, అన్నీ పోలీసులూ, కరెంటాఫీసు వాళ్లూ వేసుకునే కొలతల్లో. ఒకటి తొడిగి చూస్తే అంచు నేల మీద ఈడుస్తోంది. ఆ అంచు చెయిన్లో పడితే నేను రోడ్డు మీద పడతాను. ధర విన్నాక అమ్మ దాన్ని నా ఒంటి మీంచి తనే విప్పి మడిచి ఇచ్చేసింది. “ఆడోళ్లవి లేవా?” అని అడిగింది. అంగడాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఆడోళ్లకు రైన్‌కోటు యాడన్నా కుడతారా మా? వానొస్తే ఇంట్లో ఉంటారు గదా” అన్నాడు. అమ్మ వానలో చెనిక్కాయలు పీకిన మనిషి, నన్ను కడుపులో మోస్తూ వానలో నాట్లేసిన మనిషి. అంగడి దిగి బస్టాండు దారి పట్టాక, “వీళ్లను అడిగేదేంది, మనమే చేసుకుందాం పద” అంది.

అంత మందం ప్లాస్టిక్ కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి, కుంకుమ కింద పరిచే పట్టనే తీసింది. బావి దగ్గర తోమి ఆరేసి, వసారాలో పరిచింది. నన్ను స్టాండు వేసిన సైకిలు మీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూసి, బొగ్గుతో గుర్తులు పెట్టింది. వెనక మోకాళ్ల పైకే ఉండాలి, చెయిన్లో పడకూడదు. ముందు పొడుగ్గా ఉండాలి, హ్యాండిలు మీదికి పరుచుకుంటే తొడలు తడవవు. చేతులు వదులుగా ఉండాలి. నేను తల తిప్పితే టోపీ కూడా తిరగాలి, లేకపోతే వెనకొచ్చే లారీ కనపడదు. జన్మలో సైకిలు ఎక్కని అమ్మకు ఇవన్నీ ఎలా తట్టాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు ఊళ్లో దర్జీతో మిషను మీద కుట్టించింది. పరీక్షకు నన్ను పెరట్లో నిలబెట్టి నెత్తిన బిందెడు నీళ్లు కుమ్మరించింది. కుట్టు వెంబడి ప్రతి సూది బెజ్జంలోంచీ నీళ్లు దిగి, లోపల రవికె తడిసింది. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం చూసి, కుట్లన్నీ పర్రున విప్పేసింది. బెజ్జాలు పడ్డ మేర కత్తిరించి పారేసి, అంచులు రెండేసి మడతలు వేసి, యాక్సా బ్లేడు పెట్టి, కొవ్వొత్తి వెలిగించింది. కుంకుమ కవరు అంటించినట్టే జానెడు జానెడు చొప్పున రెండు సాయంత్రాలు కూర్చుని అంటించింది. మళ్లీ బిందెడు నీళ్లు. ఈసారి లోపల చుక్క పడలేదు. వసారా అంచున కూర్చుని ఇదంతా చూస్తున్న నాయన, “తల్లీకూతుళ్లకు ఏం పన్లేదు” అన్నాడు. విసుక్కున్నాడో మెచ్చుకున్నాడో చెప్పడం కష్టం.

ఒక్కటి మరిచిపోయాం. ఏళ్ల తరబడి కుంకుమ కింద నలిగిన పట్ట అది. ఎంత తోమినా దాని ముడతల్లో పొడి మిగిలే ఉంది, ఆ ముడతలు ఇప్పుడు అమ్మ వేసిన మడతల లోపలికి పోయాయి. బిందెడు నీళ్లు పైనుంచి జారిపోతాయి గానీ, గంటసేపు గాలివాన కొడితే మడతల నోట్లోకి నీళ్లు దూరతాయి. అంచుల్లో అక్కడక్కడా ఎర్ర చారలు కనపడుతూనే ఉన్నాయి. మా ఇంటి ఎరుపుకు మేం ఎంత అలవాటు పడిపోయామంటే, అది మా ఇద్దరి కళ్లకూ రంగులాగే అనిపించలేదు.

వాయుగుండమని రేడియోలో చెప్పిన మర్నాడు తెల్లారేసరికి ఆకాశం ఊడిపడుతోంది. నాయన అప్పటికే షెడ్డుకు వెళ్లిపోయాడు. నేను కోటు తొడుక్కుని బయల్దేరాను. వాన టోపీ మీద టపటపా కొడుతుంటే లోపల నేను పొడిగా ఉన్నాను. ఆ సంతోషం ఎలా చెప్పాలో తెలియదు. గట్టిగా పాడుకున్నాను కూడా. రైల్వే గేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడి ఉంది, గూడ్సు బండి పోతోంది. ఎడ్లబండ్లు, సైకిళ్లు, ఒక బస్సు ఆగి ఉన్నాయి. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. పక్కనున్న పూలామె నా వైపు చూసి చేతిలో బుట్ట వదిలేసింది.

“అయ్యో తల్లీ, రక్తం” అంది.

వంగి చూసుకున్నాను. టోపీ అంచు నుంచి, భుజాల నుంచి, చేతుల చివర్ల నుంచి ఎర్రటి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. ముందు చక్రం కింద మడుగు ఎర్రగా ఉంది. “రక్తం కాదు మా, కుంకం” అన్నాను. ఎవరూ నమ్మలేదు. ఒకాయన నా టోపీ లాగి గాయం ఎక్కడో వెతకబోయాడు. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు. “ఎముక ఇరిగుంటాది, పుత్తూరికి తీసకపోయి కట్టు కట్టించండప్పా” అని వెనక నుంచి ఎవరో సలహా ఇచ్చారు, మా వైపు ఎముకల కట్టుకు ఆ ఊరే పేరు. నేను రెండు చేతులూ చాపి, ముడిచి చూపించాను. “ఏమీ ఇరగలేదు సామీ. ప్రెస్సులో పెళ్లికార్డులుండాయి, దోవ ఇడవండి” అన్నాను. గేటు లేవగానే తొక్కుకుంటూ వెళ్లిపోయాను. “పాపం, దెబ్బకు మతి పొయినట్టుండాది” అని ఎవరో అనడం వినపడింది.

ఆ గుంపులో నన్ను గుర్తుపట్టిన మనిషి ఒకడు షెడ్డుకు పోయి నాయనతో, “నీ కూతురు గేటు కాడ రక్తం కార్తా పోతాండాది” అని చెప్పాడట. నాయన భుజం మీది మూట అక్కడే వదిలేసి, ఎవరిదో సైకిలు లాక్కుని, నెత్తిన సంచి కూడా లేకుండా తిరుపతి దాకా తొక్కాడు. నేను అప్పుడు ఒక పెళ్లికూతురి పేరు పేరుస్తున్నాను. గుమ్మంలో నీళ్లు కారుతున్న చప్పుడుకు తలెత్తాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ నిలబడి ఉన్నాడు. నాయనను అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికొచ్చి నా తల మీద, భుజాల మీద, చేతుల మీద తడిమాడు. తర్వాత తన అరచెయ్యి చూసుకున్నాడు.

“తడి లేదే” అన్నాడు.

“కోటు ఉండాది గదా నాయనా. కారింది కుంకం.”

గోడకు తగిలించిన కోటు కింద సిమెంటు నేల ఎర్రగా ఉంది. నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, బల్ల మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సార్ టీ తెప్పించాడు. నాయన ఏడ్చాడనే నేను అంటాను. అవి వాన నీళ్లేనని ఆయన బతికినంత కాలం వాదించాడు.

టీ తాగి, “పని మధ్యలో వదిలేసొచ్చినా, పోవాల” అని లేచాడు. బయట వాన తగ్గలేదు. ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను కోటు తీసి ఆయన ముందు పట్టాను.

“నాకెందుకు పాపా, నేనెట్నూ తడిసే ఉండా.”

“చలిగాలి కొడ్తా ఉండాది. ఏసుకో.”

“ఇది ఆడపిల్లది.”

“అవును, నీకు సరిపోదు. అయినా ఏసుకో. గేటు కాడ అందురూ అదే మాట్లాడుకుంటా ఉంటారు. నీ కూతురికి ఏం కాలేదని నువ్వే చెప్పిపో.”

“మల్ల సందకాడ నువ్వెట్లా వస్తావు?”

“తడస్తా వస్తా” అన్నాను.

షరతు ఇద్దరికీ గుర్తుంది. అయినా నేను మాట వెనక్కి తీసుకోలేదు. నాయన నన్ను చాలాసేపు చూశాడు. చివరికి చేతులు చాపాడు. నేనే తొడిగాను. మూటలు మోసిన భుజాలకు అది ఎక్కడ పడుతుంది, చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, వెనక భాగం నడుం దాకే వచ్చింది. ఆ వేషంతో ఎర్ర నీళ్లు కార్చుకుంటూ ఆయన వానలో తొక్కుకుంటూ పోతుంటే ప్రెస్సు వాళ్లమంతా గుమ్మంలో నిలబడి చూశాం. ఎవరికీ నవ్వు రాలేదు.

ఇప్పుడు అంగడి నిండా కోట్లు వేలాడుతున్నాయి. అయినా అమ్మ బొగ్గుతో గీసిన కోటు వాటిలో లేదు. అన్నీ స్కూటరు మీద కూర్చునేవాళ్లకే, తొక్కేవాళ్లకు కాదు. పొద్దున్నే రేణిగుంట ఫ్యాక్టరీలకు సైకిళ్ల మీద పోయే ఆడపిల్లలు చెత్త వేసుకునే నల్ల కవర్లకు తల పట్టే బెజ్జం పెట్టుకుని పోతున్నారు. వానొస్తే ఆడవాళ్లు ఇంట్లో ఉంటారని ఆ పాత అంగడాయన అన్నాడు, పువ్వుల కోటు కుట్టినాయనా లోలోపల అదే అనుకున్నట్టున్నాడు. ఎవరున్నారు ఇంట్లో? పాలు పోసే ఆమె ఉందా, వీధి ఊడ్చే ఆమె ఉందా, మా అమ్మ ఉందా? నేనూ ఉండదలచుకోలేదు. ఆ గులాబీ కోటు వద్దని మగవాళ్ల కోటే చిన్న సైజుది కొన్నాను. ఇంటికొచ్చి వెనక జానెడు కత్తిరించి, ఆ ముక్కతోనే పట్టీలు చేసి, కుట్ల మీద పెట్టి, కొవ్వొత్తి వెలిగించి అంటించాను. నా చేతిలో పదింటికి మూడు ఇప్పటికీ కాలుతున్నాయి. ఆ వాసనకు మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి, “ఏం కాలస్తా ఉండావు మా?” అన్నాడు. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. వాడు చివరిదాకా విని, “మరి ఆ సాయంత్రం ఎట్లొచ్చినావు?” అని అడిగాడు.

తడుస్తూ వచ్చాను. సాయంత్రానికి వాన ఇంకా పెరిగింది. సార్ తన గొడుగు ఇస్తానన్నాడు, వద్దన్నాను. ప్రెస్సు వీధి మలుపు తిరిగేలోపే లంగా, ఓణీ, జడ అన్నీ తడిసి ఒంటికి అతుక్కున్నాయి. భయం వేసింది, అబద్ధం చెప్పను. గేటు మళ్లీ పడి ఉంది, పొద్దున ఉన్నవాళ్లలో కొందరు ఉన్నారు. చూశారు. నేనూ వాళ్లను చూశాను, ఒక్కొక్కర్నే, కళ్లు దించకుండా, గేటు లేచేదాకా. ముందు ఒకాయన తల తిప్పుకున్నాడు, తర్వాత ఇంకొకాయన. పూలామె మాత్రం, “మీ నాయన నిలబడి అందరికీ చెప్పిపొయినాడు, కుంకమంట గదా” అని నవ్వింది. అక్కణ్నుంచి ఇంటి దాకా ఏమీ కాలేదు. చలి వేసింది, అంతే.

నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. కోటు మేకుకు వేలాడుతోంది. మడతల సందులన్నీ పుల్లతో గీకి కడిగినట్టున్నాడు, దాని నుంచి కారే నీళ్లలో రంగు లేదు. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. నేను పెరటి దారిన పోలేదు. సైకిలుకు స్టాండు వేసి, తడిసిన గుడ్డలతోనే వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. నా చుట్టూ గచ్చు మీద నీళ్లు పారుతున్నాయి. నాయన నా వైపు చూశాడు, నా వెనకున్న సైకిలు వైపు చూశాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి నా చేతికిచ్చాడు.

“తల తుడుచుకో పాపా. పొద్దున్నే పోవాల గదా.”

మర్నాడు కూడా వానే. వెళ్లాను.